సోహో ఫ్రెంచ్ హౌస్: జర్మన్, బెల్జియన్, ఆయన కొడుకు... ఆ తరువాత?

థేమ్స్‌గట్టు
లండన్‌లో ఉన్నవాళ్లలో చాలామంది సోహోలో డీన్ స్ట్రీట్ దాటే ఉంటారు. 49వ నంబరు దగ్గర ఫ్రెంచ్ జెండాలు వేలాడుతూ ఉంటాయి. అదే ఫ్రెంచ్ హౌస్. పేరు చూసి రెస్టారెంటు అనుకుని ముందుకు వెళ్లిపోతారు. నిజానికి అది 1891 నుంచి నడుస్తున్న పబ్బు. చాలాకాలం దాని బోర్డు మీద ఉన్న పేరు యార్క్ మిన్‌స్టర్. జనం మాత్రం ఫ్రెంచ్ పబ్బు అనే పిలిచేవాళ్లు.

లోపల ఒక చిన్న గది, ఒక బారు. గోడల నిండా పాత ఫోటోలు: బాక్సర్లు, సైకిల్ పందేలవాళ్లు, రంగస్థల నటులు. సంగీతం లేదు, టీవీ లేదు, డబ్బులేసి ఆడే మెషీన్లు లేవు, ఫోన్ మాట్లాడనివ్వరు. మాట్లాడాలంటే పక్కనున్న మనిషితోనే. బీరు అర పింటు గ్లాసులోనే పోస్తారు.

నాకు దీని ల్యాండ్‌లార్డుల చరిత్ర మీద చాలా ఇష్టం. మొదట ఒక జర్మన్ నడిపాడని, 1914లో యుద్ధం రాగానే ప్రభుత్వం ఆయన్ను దేశం దాటించిందని, అప్పుడు విక్టర్ బెర్లెమాంట్ అనే బెల్జియం ఆయన తీసుకున్నాడని చెప్పుకుంటారు. విక్టర్ తరువాత కొడుకు గాస్టన్. ఆయన 1914లో సోహోలోనే పుట్టాడు, 1989 దాకా బారు వెనకే ఉన్నాడు. నూరేళ్లు దాటిన చోటికి ఇంత తక్కువమంది ల్యాండ్‌లార్డులుండటం లండన్ నడిబొడ్డున అరుదు. దీని గురించీ, ఇలాంటి వేరే పబ్బుల గురించీ తెలిసినవాళ్లు రాయండి.

ఒంగోలుగిత్త
మంచి థ్రెడ్ అన్నా. రెండు సందేహాలు. ల్యాండ్‌లార్డ్ అంటే ఆ బిల్డింగు ఓనరేనా? అర పింటు మాత్రమే ఎందుకు?

థేమ్స్‌గట్టు
మొదటి దానికి లీజుల సంగతి తెలిసిన బొబ్బిలివీణ గారు వస్తే బాగుంటుంది. క్లుప్తంగా చెప్పాలంటే, లైసెన్సు ఎవరి పేరున ఉండి, బారు వెనక నిలబడి పబ్బు నడుపుతారో వాళ్లే ల్యాండ్‌లార్డ్. భవనం చాలాచోట్ల వేరేవాళ్లది.

అర పింటు సంగతికి ఒక కథ ఉంది. 1920లలో ఫ్రెంచ్ నావికులు కొట్లాడుకుని పింటు గ్లాసులతో ఒకరినొకరు బాదుకున్నారట. విక్టర్ అప్పటి నుంచి పెద్ద గ్లాసులు తీసేశాడట. అందులో ఎంత నిజమున్నా, ఆ నియమం మాత్రం ఇప్పటికీ ఉంది. పింటు అంటే 568 మిల్లీలీటర్లు, ఇక్కడ 284 మాత్రమే. ఏడాదికి ఒక్కరోజు, ఏప్రిల్ 1న, పూర్తి పింటు పోస్తారు.

అసలు అక్కడ బీరు కన్నా ఎక్కువ పేరున్నది పాస్టిస్‌కి. సోంపు వాసన వేసే ఫ్రెంచ్ మద్యం. బారు మీద కుళాయిలున్న నీళ్ల పాత్ర ఒకటి ఉంటుంది. గ్లాసులో పసుపు రంగు మద్యం కొంచెం పోసి, దాని కింద పెట్టి నీళ్లు సన్నగా వదులుతారు. అద్దంలా ఉన్న ద్రవం క్షణాల్లో పాలలా తెల్లబడుతుంది. సోంపు నూనె ఆల్కహాలులో కరిగి ఉంటుంది, నీళ్లు ఎక్కువయ్యేసరికి సన్నటి బిందువులుగా విడిపోతుంది, అందుకే ఆ తెలుపు.

పాతకాగితాలు
థేమ్స్‌గట్టు గారూ, మంచి విషయం ఎత్తారు. కానీ ఆ జర్మన్ కథ ఒక్కటి సరిచేయాలి. చాలాకాలం పత్రికల్లో కూడా అలాగే వస్తూ ఉండేది, అందుకే అందరికీ అదే తెలుసు.

ఆయన పేరు క్రిస్టియన్ ష్మిట్. 1891లో ఆ పబ్బు మొదలుపెట్టింది ఆయనే. 1911లో చనిపోయాడు. అంటే యుద్ధం నాటికి ఆయన లేనే లేడు, దేశం దాటించే ప్రసక్తే లేదు. ఆయన పోయాక భార్య బెర్తా మార్గరేథా ష్మిట్ పబ్బు నడిపింది. 1914లో విక్టర్ బెర్లెమాంట్‌కి అమ్మింది ఆవిడే.

ఆ కట్టుకథ ఎందుకు నిలబడిందో కూడా అర్థమవుతుంది. యుద్ధం ప్రకటించిన మరునాడే, 1914 ఆగస్టు 5న, విదేశీయుల మీద ఆంక్షల చట్టం వచ్చింది. వేలమంది జర్మన్లను శిబిరాల్లో పెట్టారు. 1915 మేలో లూసిటానియా ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచాక లండన్‌లో జర్మన్ పేరున్న రొట్టెల దుకాణాలను జనం పగలగొట్టారు. బెల్జియం వాడు 1914లో జర్మన్ల చోటు తీసుకున్నాడంటే, వినేవాడి బుర్రలో మిగతా కథ దానంతట అదే అల్లుకుపోతుంది. బెల్జియం మీద జర్మనీ దండెత్తిన ఏడాది కూడా అదే కదా.

వెన్నెలవాకిలి
పాతకాగితాలు గారికి నమస్కారాలు. మీరు ఒక వాక్యంలో చెప్పి వదిలేసిన చోటే నాకు అసలు విషయం కనబడుతోంది.

బెర్తా ష్మిట్. భర్త పోయాక పరాయి దేశంలో, మగవాళ్లతో నిండిన బారును మూడేళ్లు నడిపి, బేరం కుదుర్చుకుని అమ్మిన మనిషి. ఆవిడ నడిపిన మూడేళ్లూ ఆ యుద్ధం కథలో మాయమైపోయాయి. జర్మన్ వెళ్లాడు, బెల్జియన్ వచ్చాడు, అంతే. పబ్బుల చరిత్రలో ఇలా ఎన్ని పేర్లు పోయాయో. భర్త చనిపోతే లైసెన్సు భార్య పేరుకు మార్చడం ఇంగ్లండ్‌లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. చిన్న చిన్న పబ్బుల్లో కుటుంబం పైన అంతస్తులోనే ఉంటుంది. పొద్దున్నే గ్లాసులు కడగడం, లెక్కలు, వంట, పనివాళ్ల సంగతి, అన్నిట్లో ఆవిడ చెయ్యి ముందు నుంచీ ఉంటుంది. భర్త పోయిన మర్నాడు పని కొత్తగా నేర్చుకోవలసిన అవసరం ఉండదు.

సదర్క్‌లో జార్జ్ ఇన్ చూడండి. లండన్ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి నాలుగు అడుగులు. లండన్‌లో మిగిలిన ఒకే ఒక్క గ్యాలరీల సత్రం అది: మేడ మీద చెక్క వసారాలు, కింద గుర్రబ్బండ్లు ఆగే వాకిలి. 1676 మే 26న సదర్క్ తగలబడినప్పుడు అదీ పూర్తిగా పోయింది. అప్పటి అద్దెదారు మార్క్ వేలండ్ తన డబ్బుతో మళ్లీ కట్టించాడు. అందుకు బదులుగా అతనికి అద్దె తగ్గించి దీర్ఘకాలపు లీజు ఇచ్చారు: ఏడాదికి 50 పౌండ్లూ, ఒక చక్కెర దిమ్మా. ఆ రోజుల్లో చక్కెర శంకువు ఆకారంలో గట్టి దిమ్మలుగా వచ్చేది, ఖరీదైన సరుకు. మార్క్ తరువాత సత్రం నడిపింది ఆయన భార్య మేరీ వేలండ్.

తరువాతి శతాబ్దంలో థామస్ గ్రీన్ అనే ఆయన. ఆయన మేనకోడలు ఫ్రాన్సెస్ షోల్‌ఫీల్డ్ భర్తతో కలిసి 1809లో పగ్గాలు తీసుకుంది. కెంట్ నుంచి బీరులో వేసే హాప్స్ బస్తాలు బండ్ల మీద ఈ వాకిట్లోకే దిగేవి. రైళ్లు వచ్చి గుర్రబ్బండ్ల బతుకు దెబ్బతినడం ఫ్రాన్సెస్ కళ్లముందే జరిగింది. 1849లో ఆస్తిని గైస్ హాస్పిటల్ కొంది. ఆవిడ 1859లో పెద్ద వయసులో కన్నుమూసింది. ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ ఆడవాళ్లే: ఆమీలియా మరే, ఆమె తరువాత కూతురు ఆగ్నెస్.

అంత పాత కట్టడం నిలిచిందంటే పురావస్తు శాఖల పుణ్యం అనుకుంటాం. కానీ 1874లో రైల్వే కంపెనీ కొని, తరువాత దాంట్లో చాలా భాగం కూలగొట్టి గిడ్డంగులు కట్టుకుంది. దక్షిణం వైపు వరస ఒక్కటే మిగిలింది. 1937లో అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఆ మిగిలిన వరసలో దీపం పెట్టి ఉంచింది ఆ తల్లీకూతుళ్లు.

కాబట్టి డీన్ స్ట్రీట్ లెక్కలో బెర్తా పేరు చేర్చండి.

థేమ్స్‌గట్టు
తప్పకుండా అక్కా. 1989 తరువాత సంగతి కూడా చెప్పాలి అయితే. గాస్టన్ జూలై 14న, బాస్టిల్ దినం నాడు, పదవీ విరమణ చేశాడు. ఫ్రెంచ్ విప్లవానికి సరిగ్గా 200 ఏళ్లు నిండిన రోజు. అక్కడి నుంచి పబ్బు లెస్లీ లూయిస్ చేతికి వచ్చింది. ఆవిడా, పాత్రికేయుడు నోయెల్ బోథమ్ కలిసి తీసుకున్నారు. ఆయన 2012లో పోయారు. అర పింటు, సంగీతం లేకపోవడం, ఫోన్ల నిషేధం, గోడ మీద ఫోటోలు, ఇవన్నీ ఇంతకాలం కాపాడింది ఆవిడే.

బొబ్బిలివీణ
గిత్త బాబూ, నీ మొదటి ప్రశ్నకి జవాబు కాస్త పెద్దది. ఇది అర్థమైతేనే ఫ్రెంచ్ హౌస్ ఎందుకు అరుదో తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో ఒకప్పుడు చాలా పబ్బులు బీరు తయారుచేసే కంపెనీలవి, అంటే బ్రూవరీలవి. ల్యాండ్‌లార్డ్ వాళ్ల దగ్గర లీజుకు తీసుకుంటాడు. షరతు ఏమిటంటే, బీరు వాళ్ల దగ్గరే కొనాలి, వాళ్లు చెప్పిన ధరకే. దాన్ని టై అంటారు. అద్దె తక్కువగా కనిపిస్తుంది, కానీ ప్రతి పీపా మీదా బ్రూవరీకి లాభం. వ్యాపారం బాగా నడిస్తే తరువాతిసారి అద్దె పెరుగుతుంది. కష్టపడి పబ్బుకి పేరు తెచ్చినవాడే ఆ పేరుకి ఎక్కువ అద్దె కట్టాల్సి వస్తుంది.

1989లో ప్రభుత్వం బీర్ ఆర్డర్స్ తెచ్చింది. 2,000 పబ్బులు దాటి ఉన్న బ్రూవరీ, ఆ పైన ఉన్నవాటిలో సగాన్ని టై నుంచి విడిపించాలి. ల్యాండ్‌లార్డులకు స్వేచ్ఛ వస్తుందనుకున్నారు. పెద్ద బ్రూవరీలు పబ్బులను గంపగుత్తగా అమ్మేశాయి. కొన్నది ల్యాండ్‌లార్డులు కాదు, బీరు కాయని కొత్త కంపెనీలు. అవి వేల పబ్బులను అప్పుచేసి కొని, అదే టై పెట్టి నడిపాయి. బ్రూవరీకి కనీసం తన బీరు పేరు మీద శ్రద్ధ ఉండేది. వీళ్లకు కావలసింది అద్దె, అప్పు మీద వడ్డీ. నా దృష్టిలో ఇంగ్లండ్ పబ్బులకు జరిగిన అతిపెద్ద నష్టం అదే. 2016లో పబ్స్ కోడ్ వచ్చాకే, 500 లేదా అంతకన్నా ఎక్కువ టై పబ్బులున్న కంపెనీల అద్దెదారులకు కొన్ని సందర్భాల్లో టై వదులుకుని మార్కెట్ అద్దె అడిగే హక్కు దొరికింది.

సోహోలోనే గ్రీక్ స్ట్రీట్‌లో కోచ్ అండ్ హార్సెస్ ఉంది. నార్మన్ బేలన్ అక్కడ 1943 నుంచి 2006 దాకా ఉన్నాడు. లండన్‌లో అందరికన్నా మొరటు ల్యాండ్‌లార్డునని తనే చెప్పుకునేవాడు. ఆయన కస్టమర్లను తిట్టి బయటికి పంపడం చూడటానికే జనం అక్కడికి వచ్చేవాళ్లు. ప్రైవేట్ ఐ అనే వ్యంగ్య పత్రికవాళ్ల విందులు పై అంతస్తులో జరిగేవి. ఆయన తరువాత అద్దెదారులు దాన్ని బాగానే నడిపారు. 2019లో ఫుల్లర్స్ కంపెనీ దాన్ని తన మేనేజర్ల కిందికి తెచ్చుకుంది. భవనం ఉంది, బోర్డు ఉంది. కానీ జీతానికి పనిచేసే మేనేజర్ కొన్నేళ్లకు బదిలీ అయిపోవచ్చు. గాస్టన్ లాంటి మనిషి తయారవడానికి ముప్పై ఏళ్లు ఒకేచోట నిలబడాలి.

ఒంగోలుగిత్త
ఆ గాస్టన్ ఎలా ఉండేవాడు?

థేమ్స్‌గట్టు
గుబురు మీసం, రెండు కొసలూ పైకి తిప్పి ఉండేవి. వచ్చిన ఆడవాళ్ల చేతిని ముద్దుపెట్టుకుని పలకరించేవాడు. ఎవరైనా తాగి గొడవ చేస్తే గొంతు పెంచేవాడు కాదు. మనిద్దరిలో ఒకరు వెళ్లిపోవాలి, ఆ వెళ్లేది నేను మాత్రం కాదు అని మర్యాదగా చెప్పేవాడట. అంతే, ఆ మనిషి లేచి వెళ్లిపోవాల్సిందే. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ నుంచి వీధిలో సరుకు దించే కూలీదాకా అందరికీ అదే మర్యాద.

నల్లనేల
అన్నా, చివరి వాక్యం దగ్గర ఆగాను. అందరికీ అదే మర్యాద అన్నది ఇంగ్లండ్ పబ్బుల్లో చాలాకాలం నిజం కాదు. నేను బర్మింగ్‌హామ్ పక్కన ఉంటాను. ఇక్కడి ల్యాండ్‌లార్డుల చరిత్ర చెప్పకుండా ఈ థ్రెడ్ ముగిస్తే అన్యాయం.

ఇక్కడి స్మెథిక్ ఊళ్లో లోహాలు పోతపోసే ఫౌండ్రీల్లో 1950ల నుంచి పంజాబీలు పెద్దసంఖ్యలో పనిచేశారు. పది గంటలు కొలిమి దగ్గర నిలబడి బయటికి వస్తే దాహం ఎవరికైనా ఒకటే. కానీ చాలా పబ్బుల్లో ల్యాండ్‌లార్డులు లౌంజ్ అనే కాస్త దర్జా గదిలోకి వాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. కొన్నిచోట్ల అసలు తలుపు దగ్గరే ఆపేసేవాళ్లు. అది ల్యాండ్‌లార్డ్ ఇష్టం, చట్టం అడ్డుపడేది కాదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దీనిమీద పోరాడింది. వాళ్ల పిలుపు మీదే 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చారు. ఆ సంఘం నాయకుడు అవతార్ సింగ్ జోహల్ ఆయన్ను బ్లూ గేట్స్ అనే పబ్బుకు తీసుకెళ్లారు. లోపలి గదిలో బీరు పోసేది లేదన్నారు, పక్కనున్న పబ్లిక్ బారులో తాగి బయటికి వచ్చారు. తొమ్మిది రోజుల తరువాత న్యూయార్క్‌లో ఆయన్ను కాల్చి చంపారు. అదే ఏడాది చివర్లో జాతి సంబంధాల చట్టం వచ్చి, పబ్బుల్లో రంగు చూసి ఆపడం చట్టవిరుద్ధమైంది.

ఆ తరువాత జరిగింది ఇంకా గొప్ప సంగతి. తెల్లవాళ్లు వదిలేసి వెళ్తున్న, మూతపడబోతున్న పబ్బుల లీజులు పంజాబీలే తీసుకున్నారు. ఇప్పుడు స్మెథిక్‌లో, వెస్ట్ బ్రామిచ్‌లో దేశీ పబ్బు అంటే తెలియనివాళ్లు లేరు. పొగలు కక్కే ఇనప పళ్లెంలో మిక్స్‌డ్ గ్రిల్ వస్తుంది: తందూరీ చికెన్, సీఖ్ కబాబ్, చేప ముక్కలు, కింద మాడిన ఉల్లిపాయలు. పక్క టేబుల్ దగ్గర డెబ్బై ఏళ్ల ఇంగ్లిష్ పెద్దాయన డార్ట్స్ ఆడుతూ ఉంటాడు. ఒకప్పుడు తండ్రిని ఆపేసిన బారు వెనక ఇప్పుడు కొడుకు నిలబడి ఆ పెద్దాయనకు బీరు పోస్తున్నాడు. బ్రిటన్ మొత్తం మీద 2000లో 60,000 పైగా ఉన్న పబ్బులు ఇప్పుడు 50,000 కిందికి పడిపోయాయి. ఈ కుటుంబాలు లేకపోతే మా వైపు ఇంకెన్ని పోయేవో.

మన తెలుగువాళ్లు కూడా ఐటీ ఉద్యోగాల కోసం ఈ వైపు వచ్చాక శుక్రవారం సాయంత్రం చేరేది ఇలాంటి చోటే.

వెన్నెలవాకిలి
నల్లనేల తమ్ముడూ, చాలా బాగా రాశావు. విక్టర్ కూడా పరాయి దేశంవాడే, ష్మిట్ దంపతులూ అంతే. ఇంగ్లిష్ పబ్బు అని ప్రపంచమంతా చెప్పుకునేదాన్ని ఎంతమంది వలస వచ్చినవాళ్లు మోశారో చూడు.

ఒంగోలుగిత్త
మరి యార్క్ మిన్‌స్టర్ పేరు ఎప్పుడు మార్చారు? ఫ్రెంచ్ సేనాని డి గాల్ రెండో ప్రపంచయుద్ధంలో చేసిన ప్రసంగం అక్కడే రాశాడని ఎక్కడో చదివాను, నిజమేనా?

థేమ్స్‌గట్టు
1984లో. ఆ ఏడాది జూలై 9న యార్క్ నగరంలోని అసలు మిన్‌స్టర్ చర్చికి పిడుగుపాటు అనుకునే అగ్నిప్రమాదం జరిగింది. మరమ్మతులకు చందాలు పంపిన కొందరి ఉత్తరాలు ఈ పబ్బుకు వచ్చాయని చెప్తారు. గాస్టన్ వాటిని చర్చికి పంపిస్తే, ఇన్నాళ్లూ తనకు రావలసిన వైను పెట్టెలు కొన్ని అక్కడికి చేరుతున్నాయని తెలిసిందట. ఆ తరువాత జనం నోట్లో ఉన్న పేరునే బోర్డు మీద పెట్టారు.

పాతకాగితాలు
డి గాల్ సంగతి జాగ్రత్తగా చెప్పాలి. ఆయన 1940 జూన్ 17న లండన్‌లో దిగాడు, మర్నాడు సాయంత్రమే బీబీసీలో మాట్లాడాడు. ఆ ఒక్కరోజులో పబ్బులో కూర్చుని రాసే తీరిక ఉందని నేననుకోను. పబ్బులో చెప్పుకునేది ఫ్రెంచి ప్రజలందరికీ అంటూ మొదలయ్యే ప్రకటన గురించి. అది పోస్టరుగా లండన్ గోడల మీదికి వచ్చింది ఆగస్టులో. రేడియో ప్రసంగం, పోస్టరు రెండూ వేర్వేరు. జనం వాటిని కలిపేస్తారు. జర్మనీకి లొంగకుండా డి గాల్ వెంట నిలిచిన ఫ్రీ ఫ్రెంచ్ సైనికులు, అధికారులు ఆ బారులో గుమిగూడేవాళ్లన్నది మాత్రం నిజం. వాళ్ల ప్రధాన కార్యాలయం కార్ల్‌టన్ గార్డెన్స్‌లో ఉండేది, నడిచి వచ్చేంత దూరం. అసలు ఫ్రెంచివాళ్లు సోహోలో అప్పుడే పుట్టుకురాలేదు. 1685 తరువాత ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు అక్కడ స్థిరపడ్డారు. సోహో స్క్వేర్‌లో వాళ్ల చర్చి ఇప్పటికీ ఉంది.

వెన్నెలవాకిలి
ఇంకొక్క పేరు రాసి ఆపేస్తాను. అదే డీన్ స్ట్రీట్‌లో 41వ నంబరు మేడ మీద మ్యూరియల్ బెల్చర్ 1948లో కొలొనీ రూమ్ పెట్టింది. అది పబ్బు కాదు, సభ్యుల క్లబ్బు. దానికి కారణం పబ్బుల వేళలే. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధ కర్మాగారాల కూలీలు తాగి పని ఎగ్గొడుతున్నారని మధ్యాహ్నం పబ్బులు మూయించారు. యుద్ధం అయిపోయినా ఆ ఆంక్ష పోలేదు, 1988 దాకా అలాగే ఉంది. మధ్యాహ్నం మూడు కాగానే గాస్టన్ తలుపు మూస్తే అదే గుంపు నాలుగు గుమ్మాలవతల మ్యూరియల్ మెట్లెక్కేది. ఫ్రాన్సిస్ బేకన్‌కి ఆవిడ వారానికి 10 పౌండ్లూ, ఉచితంగా మందూ ఇచ్చి, డబ్బున్న స్నేహితులను తీసుకురమ్మంది. ఆ క్లబ్బు 2008లో మూతపడింది. మధ్యాహ్నపు ఆంక్ష పోయాక అలాంటి క్లబ్బులకు అవసరం తగ్గింది.

నల్లనేల
పాతకాగితాలు గారూ, మా వీధి చివర పబ్బు ల్యాండ్‌లార్డుల పేర్లు వెతకాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకాగితాలు
వెనక్కి నడుచుకుంటూ వెళ్లండి. 2005 నవంబరు నుంచి లైసెన్సులు స్థానిక కౌన్సిల్ ఇస్తోంది, ఆ రిజిస్టరు ఎవరైనా చూడొచ్చు. అంతకుముందు మేజిస్ట్రేట్లు ఇచ్చేవాళ్లు. ఆ పుస్తకాలు కౌంటీ రికార్డు ఆఫీసులో ఉంటాయి. అందులో లైసెన్సు ఒకరి నుంచి మరొకరికి మారిన తేదీలు, జరిమానాలు కూడా దొరుకుతాయి. పంతొమ్మిదో శతాబ్దానికి కెల్లీస్ వంటి డైరెక్టరీలు, అంటే వ్యాపారుల పేర్లూ చిరునామాల పుస్తకాలు, పదేళ్లకోసారి జనాభా లెక్కలు. లెక్కల్లో పబ్బు చిరునామా పట్టుకుంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరెవరు పడుకున్నారో, పనిమనిషి పేరుతో సహా వస్తుంది. 1753 చట్టం ప్రకారం సత్రాలవాళ్లు రాసిచ్చిన హామీపత్రాలకు రిజిస్టర్లు పెట్టారు, 1828 దాకా అవి చాలా కౌంటీల్లో ఉన్నాయి. అదృష్టం బాగుంటే అంతదాకా వెళ్తారు. 1830లో బీరు దుకాణాల చట్టం వచ్చాక పన్ను కట్టే ఎవరైనా రెండు గినీలు ఇచ్చి తమ ఇంటి ముందుగదిలోనే బీరు అమ్ముకునే వీలు కలిగింది. మీ వీధి చివరిది చిన్న ఇటుక ఇల్లు అయితే, అలా పుట్టినదే అయ్యే అవకాశం ఎక్కువ.

వెతికేటప్పుడు ఒక సంగతి. ఒకే ఇంటిపేరుతో వరసగా రెండు ఎంట్రీలు కనబడితే రెండోది కొడుకని అనుకోకండి. సగంసార్లు భార్య. పూర్తి పేరు చూడండి.

నల్లనేల
చూస్తాను సార్. కౌంటీ రికార్డు ఆఫీసుకు మెయిల్ పెట్టాను. దొరికింది ఇక్కడే రాస్తాను.